నల్లగొండ పేరు మోసిన బకెట్టు: ఫ్లోరైడ్ నీళ్ళు, పటిక, అరవై గజాల వాకిట్లో ఒక ఇంజనీరింగ్ ప్రయోగం

సివిల్ ఇంజనీరింగ్ చదివిన వాళ్ళకు ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది: "నల్లగొండ టెక్నిక్ గురించి రాయండి." బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతి అది. మార్కులు తేలిగ్గా పడే ప్రశ్న. టాంజానియాలో, ఇథియోపియాలో తాగునీటి మీద పని చేసే ఇంజనీర్లకు కూడా ఈ పేరు తెలుసు. తమాషా ఏమిటంటే, నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి పది మందిని అడిగితే ఒక్కరు చెప్తే గొప్ప. "ఫ్లోరిన్ నీళ్ళు" అనండి, చిన్న పిల్లాడు కూడా చెప్తాడు. రోగం పేరు ఊరికి మిగిలింది, మందు పేరు పుస్తకానికి పోయింది.

ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్ళ నల్లాలు వచ్చాక అయోమయం ఇంకో రకంగా ఉంది. ఫ్లోరైడ్ పీడ పోయిందనే వాళ్ళున్నారు. నల్లా నీళ్ళు వాకిట్లో వస్తున్నా ఇరవై లీటర్ల క్యాన్ కొనే వాళ్ళున్నారు. కాచి చల్లార్చి తాగితే చాలనే వాళ్ళూ ఉన్నారు. వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే మొదటి నుంచి రావాలి.

కంటికి కనపడని ఒకటిన్నర మిల్లీగ్రాములు

ఫ్లోరిన్ ఒక మూలకం, వాయువు. నీళ్ళలో ఉండేది దాని అయాన్ రూపం, ఫ్లోరైడ్. మనం వాడుకలో రెంటినీ ఫ్లోరినే అంటాం, దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. దీనికి రంగు, రుచి, వాసన లేవు. బోరు నీళ్ళు తియ్యగా ఉన్నాయంటే ఫ్లోరైడ్ లేదని కాదు, ఉప్పగా ఉన్నాయంటే ఉందనీ కాదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఊళ్ళలో వాడే కిట్‌లో గులాబీ రంగు ద్రావణం పసుపు వైపు తిరిగే కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నట్టు.

భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. అది దాటితే ముందు పిల్లల పళ్ళకు గార పడుతుంది. ఏళ్ళ తరబడి 3 నుంచి 6 మిల్లీగ్రాముల నీళ్ళు తాగితే ఎముకలు, కీళ్ళు పట్టేయడం మొదలవుతుంది. 10 దాటిన నీళ్ళు దీర్ఘకాలం తాగినవాళ్ళ నడుము వంగిపోతుంది, మెడ తిరగదు.

అయితే లీటరుకు ఎంత అన్నది సగం లెక్కే. రోజుకు ఎన్ని లీటర్లు అన్నది మిగతా సగం. 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ఒకే బోరు నీళ్ళు ఇద్దరు తాగుతున్నారనుకోండి. ఫ్యాను కింద కూర్చుని రెండు లీటర్లు తాగే గుమస్తా ఒంట్లోకి రోజుకు 8 మిల్లీగ్రాములు పోతుంది. ఏప్రిల్ ఎండలో మిరప చేనులో ఐదు లీటర్లు తాగే కూలీ ఒంట్లోకి 20. అన్నం, పప్పు పీల్చుకునే నీళ్ళు దీనికి అదనం. చల్లటి దేశాల్లో వేసిన లెక్క మన దగ్గర ఉన్నదున్నట్టు సరిపోకపోవడానికి ఇదొక కారణం. తిండి కూడా లెక్కలోకి వస్తుంది. పాలు, రాగులు లాంటి కాల్షియం ఉన్న తిండి తినేవాళ్ళలో ఫ్లోరైడ్ పేగుల్లోంచి రక్తంలోకి తక్కువగా పోతుంది. అంటే పేదవాడికి ఇక్కడ కూడా రెండు దెబ్బలు.

కాచడం సంగతి. సూక్ష్మక్రిములు చావాలంటే కాచాల్సిందే. ఫ్లోరైడ్ మాత్రం చావడానికి ప్రాణి కాదు, ఎగిరిపోవడానికి ఆవిరీ కాదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న ఐదు లీటర్ల నీళ్ళలో మొత్తం 15 ఉంటాయి. మరిగి నాలుగు లీటర్లు మిగిలితే అవే 15 ఇప్పుడు నాలుగింటిలో, అంటే లీటరుకు 3.75. మంచి చేద్దామని కాచిన నీళ్ళు కాస్త చెడ్డవయ్యాయి.

రాయి ఇచ్చింది, సున్నం ఆపలేదు

మన దేశంలో ఈ జబ్బును మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, హెచ్.ఇ. షార్ట్ బృందం. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లు తర్వాత పటంలోకి ఎక్కాయి. కారణం కాళ్ళ కిందే ఉంది. దక్షిణ తెలంగాణ నేల ఎక్కువ భాగం గ్రానైట్. ఆ రాతిలో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాలుంటాయి. నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి.

రాయి ఒక్కటే అయితే గ్రానైట్ ఉన్న ప్రతిచోటా ఇదే కథ ఉండాలి. ఇక్కడ రెండో పాత్రధారి కాల్షియం. కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి కరగలేదు. రెండూ కలిసి మళ్ళీ ఫ్లోరైట్‌గా పేరుకుపోతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలలో కాల్షియం ముందే సుద్ద గడ్డలుగా మట్టిలో దిగిపోతుంది. చెల్కల్లో గుంట తవ్వితే తెల్లగా తగిలేది అదే. కాపలావాడు తప్పుకున్నాక ఫ్లోరైడ్‌కు అడ్డు లేదు. అందుకే పక్కపక్క ఊళ్ళలో, ఒక్కోసారి ఒకే ఊళ్ళో రెండు బోర్లలో లెక్కలు వేరువేరుగా ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, బకెట్టు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇందులో ఇంజనీరింగ్ పాత్ర కూడా ఒకటుంది. దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునే రోజుల్లో నారికురుపు, అంటే తాగునీళ్ళతో ఒంట్లో చేరే పురుగు జబ్బు, పల్లెలను పీడించింది. ఆ బావులు మూయించి, చేతిపంపులు వేయించడం ఆ జబ్బును తరిమేయడంలో పెద్ద భాగం. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. అసలైన విజయం అది. కాకపోతే మనం బోరింగు అనే ఆ చేతిపంపు నీళ్ళను రాతిలో ఇంకా లోతు నుంచి తోడింది. పురుగు లేని నీళ్ళు కావాలని అడిగారు, పురుగు లేని నీళ్ళే వచ్చాయి. ఫ్లోరైడ్ సంగతి ఆ రోజు ప్రశ్నలో లేదు.

బకెట్టులో గంటన్నర

నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థను పొట్టిగా 'నీరి' అంటారు. నీటి మీద పని చేసే సంస్థకు అంతకన్నా మంచి తెలుగు పేరు పెట్టలేం, అది కాకతాళీయమే అయినా. 1970లలో అక్కడి శాస్త్రవేత్తలు నవ్‌లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు కలిసి ఈ నల్లగొండ పద్ధతిని రూపొందించి 1975లో వివరంగా ప్రచురించారు. వాళ్ళ ముందున్న షరతులు గట్టివి. కరెంటు అక్కర్లేకుండా ఉండాలి. సామాను కిరాణా దుకాణంలో దొరకాలి. చదువు రాని మనిషి కూడా చేయగలగాలి. దొరికిన జవాబు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్.

మా మేనత్త వాళ్ళది మర్రిగూడ వైపు ఊరు. వాళ్ళింట్లో నేను చూసింది నలభై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు. దాని నల్లా అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉండేది. ముందు సున్నం నీళ్ళు, చిటికెడు బ్లీచింగ్. తర్వాత కరిగించిన పటిక. గబగబా ఒక నిమిషం కలిపి, ఆ తర్వాత కర్రతో పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. తిప్పుతుంటే నీళ్ళు ముందు మసకబారతాయి. కాసేపటికి పాలు విరిగినట్టు తెల్లటి పింజలు కనపడతాయి. చిన్న పింజలు ఒకదానికొకటి అంటుకుని పెద్దవై బరువెక్కుతాయి. కర్ర తీసి గంట వదిలేస్తే అన్నీ అడుక్కు దిగిపోతాయి. పైన తేటనీళ్ళు. నల్లా ఆ ఎత్తులో పెట్టింది అందుకే, అడుగున ఉన్న మడ్డి గ్లాసులోకి రాకూడదు.

ఆ పింజలే అసలు పనివాళ్ళు. పటికలోని అల్యూమినియం నీటిలోని క్షారంతో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. అది మెత్తటి జిగురు లాంటి పదార్థం, ఫ్లోరైడ్‌ను తన మీద అంటించుకుని కిందికి లాక్కుపోతుంది. మెల్లగా తిప్పమనేది ఇందుకే. ఆత్రంగా తిప్పితే పింజలు ముక్కలై మళ్ళీ నీళ్ళలో తేలతాయి. పటిక పులుపు గుణం నీటిని ఆమ్లం వైపు లాగుతుంది కాబట్టి సున్నం. క్రిములకు బ్లీచింగ్.

20 గ్రాముల పటికతో ఒక రోజు లెక్క

లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు, లీటరుకు 500 మిల్లీగ్రాముల పటిక పడుతోంది అనుకుందాం. నలభై లీటర్లకు 20 గ్రాములు. పటికలో ఇరవయ్యో వంతు సున్నం అన్న లెక్కన ఒక గ్రాము. ఏడాదికి పటిక ఏడు కిలోల పైచిలుకు. ఖర్చు భరించలేనిదేమీ కాదు. పద్ధతిని సమర్థించేవాళ్ళ బలమైన వాదన ఇక్కడే ఉంది.

అదే 500 మిల్లీగ్రాములను ఇంకో కంటితో చూడండి. పటికలో సుమారు 8 శాతం అల్యూమినియం. అంటే లీటరులోకి 40 మిల్లీగ్రాముల అల్యూమినియం వేస్తున్నాం. తాగునీటిలో అది 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. వేసినదాంట్లో రెండు వందల వంతు మాత్రమే మిగలాలి, మిగతాదంతా పింజల్లో దిగిపోవాలి. సున్నం తగ్గి నీళ్ళు పులిసినా, ఎక్కువై క్షారం పెరిగినా అల్యూమినియం మళ్ళీ కరిగి గ్లాసులోకొస్తుంది. ఇక సల్ఫేట్: పటికలో 43 శాతం అదే, కాబట్టి లీటరుకు 215 మిల్లీగ్రాములు కొత్తగా కలిసింది. మంచి నీటికి హద్దు 200, సర్దుకుంటే 400. బోరులో ముందే ఉన్నది దీనికి తోడు. నీళ్ళు కొంచెం వగరుగా ఉన్నాయని ఆడవాళ్ళు చెప్పింది ఉత్త ఫిర్యాదు కాదు.

మడ్డి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 4 మిల్లీగ్రాములను 1కి దించామంటే నలభై లీటర్ల నుంచి తీసిన 120 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు, బకెట్టు అడుగున ఉంది. దాన్ని వాకిట్లో పారబోస్తే, వాకిలి పక్కనే బోరు ఉంటే, మిగతా కథ మీకే అర్థమవుతుంది.

పటిక మోతాదు ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి తేలదు, నీటి క్షారతను బట్టి కూడా మారుతుంది. 'నీరి' అందుకే ఫ్లోరైడ్ ఒక వైపు, క్షారత ఒక వైపు పెట్టి పట్టిక ఇచ్చింది. ఇంతకు ముందు గుర్తుంచుకోమన్నది ఇదే. బోరు బోరుకూ లెక్క వేరైనప్పుడు, ఎండాకాలం నీటిమట్టం పడి అదే బోరులో లెక్క మారినప్పుడు, ఇంట్లో వాళ్ళకు ఇచ్చిన కొలత చెంచా మాత్రం ఒక్కటే.

తప్పు పద్ధతిదా, వాడకానిదా

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండూ తీసిపారేయదగ్గవి కావు.

ఒక పక్షం అంటుంది: పద్ధతి ఎక్కడ పనికిరాదో తయారు చేసినవాళ్ళే చెప్పారు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 1500 మిల్లీగ్రాములు దాటితే ఇది వద్దన్నారు. మోతాదు సరిగ్గా వేసి, సరిగ్గా కలిపి, తేటనీళ్ళు వడకట్టుకుంటే ఫ్లోరైడ్ హద్దులోకి వస్తుంది. కొలతలు తప్పినందుకు వంటకాన్ని తిడితే ఎట్లా?

రెండో పక్షం అభ్యంతరం లోతైనది. ఫ్లోరైడ్ అంతా పింజలకు అంటుకోదు. కొంత భాగం అల్యూమినియంతో జతకట్టి నీళ్ళలోనే కరిగి ఉండిపోతుంది. సరైన రసాయనం కలపకుండా పరీక్ష చేస్తే ఆ జతలో దాగిన ఫ్లోరైడ్ పరికరానికి అందదు, నీళ్ళు శుభ్రమైనట్టు కాగితం మీద కనపడుతుంది. అలా దాగే భాగం ఎంత అన్నదాని మీద పరిశోధకుల మధ్య పెద్ద తేడాలున్నాయి, ఎందుకంటే అది మోతాదును బట్టి, పీహెచ్‌ను (నీటి పులుపు, క్షార గుణాల కొలత) బట్టి మారిపోతుంది.

నా మటుకు నాకు రసాయనం కన్నా పెద్ద ప్రశ్న ఆ కర్ర ఎవరి చేతిలో ఉంది అన్నది. ప్రయోగశాలలో కలిపేది మోటారు. అది రోజూ ఒకే వేగంతో తిరుగుతుంది, దానికి నాట్ల సీజను ఉండదు. ఊళ్ళో కలిపేది ఆడమనిషి. ఒకరోజు మా మేనత్తను బకెట్టు ఎందుకు ఖాళీగా ఉందని అడిగాను. "పొద్దుగాల నాట్లకు పోవాల్నా, గీ నీళ్ళు తిప్పుకుంట కూసోవాల్నా?" అంది. ఆమె లెక్క తప్పు అనగలమా? ఫలితం కనపడేది పదేళ్ళ తర్వాత పిల్లల పళ్ళలో, కూలి పోయేది ఇవాళ. డిజైన్ కాగితంలో పటిక ధర ఉంది, ఆ గంటన్నర ధర లేదు.

టాంజానియాలో డెన్మార్క్ పరిశోధకుడు ఎలీ డాహీ బృందం 1990లలో దీన్నే కొంచెం మార్చి రెండు బకెట్ల పద్ధతి చేసింది. పై బకెట్టులో కలిపి, తేటనీళ్ళు గుడ్డ గుండా వెంటనే కింది బకెట్టులోకి దించేస్తారు. మడ్డి మీద నీళ్ళు నిలవ ఉంటే పట్టిన ఫ్లోరైడ్ మళ్ళీ వదులుతుంది కాబట్టి ఈ మార్పు. చిన్నదే, కానీ ఇల్లు ఎలా నడుస్తుందో చూసి చేసిన మార్పు. అప్పుడూ రోజూ కలపాల్సిన పని మాత్రం పోలేదు.

అల్యూమినా, ఎముక బొగ్గు, క్యాన్ నీళ్ళు

ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికల గుండా నీళ్ళు పంపితే కలపడం ఉండదు. కొన్నాళ్ళకు గుళికలు నిండిపోతాయి. వాటిని కాస్టిక్ సోడా, ఆమ్లంతో కడిగి తిరిగి వాడాలి. ఆ పని ఇంట్లో అయ్యేది కాదు. ఎప్పుడు నిండాయో చూపు చెప్పదు కూడా. కాల్చిన ఎముక బొగ్గు కెన్యాలో బాగా పని చేసింది. మన ఇళ్ళలో నీళ్ళ బిందె దగ్గరికి ఎముకను రానిచ్చే మాట కష్టం.

క్యాన్ నీళ్ళ ప్లాంట్లలో వాడే ఆర్‌వో అన్నిటికన్నా శుభ్రంగా ఫ్లోరైడ్‌ను తీస్తుంది. ఇబ్బంది వదిలేసే నీళ్ళతో. 4 మిల్లీగ్రాములున్న వంద లీటర్లు పోస్తే సగం మంచినీళ్ళుగా వచ్చాయనుకోండి, వాటిలో 0.2 ఉందనుకోండి. మిగిలిన యాభై లీటర్లలో లీటరుకు 7.8 ఉంటుంది. ఆ నీళ్ళు మోరీలోకి, అక్కడి నుంచి భూమిలోకి. దానికి తోడు ఆర్‌వో కాల్షియాన్ని కూడా తీసేస్తుంది, ఇందాక పేగుల్లో ఫ్లోరైడ్‌ను ఆపుతుందన్న కాల్షియాన్నే. క్యాన్ కొన్నవాళ్ళు కూడా వంటకు బోరు నీళ్ళే వాడుతుంటే లాభం సగమే.

నది నీళ్ళు వచ్చాక మిగిలిన లెక్క

నల్లగొండ జనం అడుగుతూ వచ్చింది బకెట్టు కాదు, కృష్ణా నీళ్ళు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ గోడు దేశానికి వినపడాలని జలసాధన సమితి పిలుపుతో వేసిన నామినేషన్లే అందులో ఎక్కువ. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది.

నదీజలాల్లో ఫ్లోరైడ్ చాలా తక్కువ. కాబట్టి ఫ్లోరైడ్‌ను తీయడం కన్నా ఫ్లోరైడ్ లేని నీళ్ళు తేవడం మేలన్నది ఇప్పుడు ఎక్కువమంది ఇంజనీర్ల మాట. తెలంగాణలో ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే పథకం మిషన్ భగీరథ చేసింది అదే. 2015లో రాష్ట్రంలో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలుండేవి, 2020 నాటికి అవి సున్నా అయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ సున్నా అబద్ధం కాదు. అది కొలిచింది ఆవాసానికి మంచినీళ్ళు అందుతున్నాయా అని. భూమిలోని ఫ్లోరైడ్ తగ్గిందా అని కాదు, అది తగ్గలేదు. పాతవాళ్ళ ఎముకల్లో పేరుకున్నదీ అంత తొందరగా దిగదు. పుట్టే పిల్లల పళ్ళు మాత్రం మారతాయి, అది చిన్న సంగతేమీ కాదు.

ఇక్కడ పని ఇంటి ఆడమనిషి చేతి నుంచి దూరంగా ఉన్న పంపుహౌసుకు మారింది. అది మంచి మార్పే. కాకపోతే మోటారు కాలినా, పైపు పగిలినా ఊరికి దొరికేది పాత బోరే. వారంలో నాలుగు రోజులు 0.4 మిల్లీగ్రాముల నది నీళ్ళు, మూడు రోజులు 4 మిల్లీగ్రాముల బోరు నీళ్ళు తాగారనుకుందాం. నాలుగు రోజులకు 1.6, మూడు రోజులకు 12, మొత్తం 13.6. ఏడుతో భాగిస్తే 1.94. వారంలో ఎక్కువ రోజులు మంచినీళ్ళే తాగినా సగటు హద్దు దాటింది. ట్యాంకులో నీళ్ళు చాలక బోరు నీళ్ళు కలిపి వదిలినా ఇదే లెక్క, నల్లాలోంచి వచ్చేది మాత్రం నది నీళ్ళ లాగే ఉంటుంది. రోజుకోసారి బోరు పరీక్ష అక్కర్లేదు, ట్యాంకు పరీక్ష కావాలి.

పోయినేడు మా మేనత్త మనవరాలి పెళ్ళికి ఆ ఊరు పోయాను. భోజనాల పందిరి చివర చేతులు కడుక్కోవడానికి స్టూలు మీద ఆ నలభై లీటర్ల బకెట్టే పెట్టారు. నల్లా అప్పటి ఎత్తులోనే ఉంది. సగం బంతి లేచేసరికి నీళ్ళు రావడం ఆగింది, అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు అలాగే ఉన్నాయి. ఒక కుర్రాడు వచ్చి బకెట్టును ముందుకు వంచి పట్టుకున్నాడు, "గీ నల్లా గింత మీద ఎవడు పెట్టిండు?" అని గొణుక్కుంటూ.